కంప్యూటరునకు క్రొత్త మెదడు

జమ్మికుంట పేరు వినగానే కరీంనగరు ప్రాంతమువారికి ప్రత్తి జ్ఞాపకమునకు వచ్చును. ప్రత్తి తీత కాలమున అచటి మార్కెట్టు యార్డు తెల్లని రాసులతో నిండిపోవును. రైతులు తెచ్చిన ప్రత్తిని వ్యాపారులు కొందురు. జిన్నింగు మిల్లులలో గింజను వేరుచేసి, దూదిని బేళ్లుగా బిగించి, నూలు మిల్లులకు పంపుదురు.

చేతిలోనికి తీసికొని చూచినచో దూది యంతయు ఒక్కటే యనిపించును. నూలు మిల్లువానికి మాత్రము అట్లు కాదు. దూదిపోగు పొడవును పింజ యందురు. కొన్ని రకముల ప్రత్తికి పొడుగు పింజ, కొన్నిటికి పొట్టి పింజ ఉండును. దూదిని సాగదీసి నూలుగా వడకు యంత్రములో రోలర్ల జతలు కొన్ని యుండును. వాని నడుమ ఎంత దూరముండవలెనో పింజ పొడవే నిర్ణయించును. పొట్టి పింజ గల దూదికి ఎక్కువ పురి పెట్టవలెను. కావున ఒక రకపు ప్రత్తికి అలవాటుపడిన మిల్లు మరొక రకమును కొనదలచినచో, వ్యాపారిని మార్చినంత మాత్రమున పని ముగియదు. యంత్రములను మరల సరిచేయవలెను. పనివారు క్రొత్త కొలతలు నేర్చుకొనవలెను. ఆ నేర్పు కుదురువరకు నూలు తెగుచుండును, సరకు పాడగుచుండును.

ఇంత కష్టమున్నను మిల్లులు కొన్ని సమయములలో ప్రత్తిని మార్చుచునే యుండును. పాత సరకు సకాలమున అందకపోవచ్చును, ధర పెరిగిపోవచ్చును, క్రొత్తగా నేయదలచిన సన్నని బట్టకు పాత ప్రత్తి పనికిరాకపోవచ్చును. సరిగా ఇట్టి సమస్యయే కంప్యూటర్లను తయారుచేయు వారికిని ఎదురగుచుండును. వారికి ప్రత్తి వంటిది ప్రోసెసరు.

కంప్యూటరు లోపల గోరంత సిలికాను పలకపై కోట్లకొలది సూక్ష్మమైన మీటలు అమర్చబడి యుండును. ఆ పలకయే ప్రోసెసరు. దానినే కంప్యూటరు మెదడని చెప్పుట వాడుక. అది చేయు పనులు చూడగా మిక్కిలి చిన్నవి: రెండు సంఖ్యలను కూడుట, ఒకదానితో నొకటి పోల్చుట, ఒకచోటి సంఖ్యను మరొకచోటికి చేర్చుట. ఇట్టి చిన్న పనులను సెకనునకు కోట్లకొలదిగా చేయుటచేతనే అది పెద్ద పనులను సాధించుచున్నది.

ప్రోసెసరునకు ఆజ్ఞ లిచ్చుటకు అక్షరములు పనికిరావు, సంఖ్యలే కావలెను. ఏ సంఖ్య వచ్చినపుడు ఏ పని చేయవలెనో ప్రోసెసరును రూపొందించినవారు ముందే నిర్ణయింతురు. ఒకరి ప్రోసెసరులో 5 అను సంఖ్యకు కూడుమని అర్థమున్నదనుకొందము. మరొకరి ప్రోసెసరులో అదే సంఖ్యకు తీసివేయుమని అర్థముండవచ్చును. ఈ విధముగా ఒక్కొక్క ప్రోసెసరు కుటుంబమునకు ఒక్కొక్క ఆజ్ఞాభాష కలదు. ఒక భాషలో వ్రాసిన ప్రోగ్రాము మరొక భాష తెలిసిన ప్రోసెసరునకు అర్థము కాదు. మిల్లులో ప్రత్తి మారినపుడు రోలర్లను సరిచేయవలసినట్లే, కంప్యూటరులో ప్రోసెసరు మారినపుడు ప్రోగ్రాములన్నిటిని సరిచేయవలసి యుండును. ఆ ప్రోగ్రాములను వ్రాయుటకు వందలమంది ఏండ్ల తరబడి పాటుపడియుందురు. ఈ మార్పులోని అసలు కష్ట మిదియే.

మొదటి కాలపు కంప్యూటర్ల తయారీదారులకు ఈ చిక్కు ఇంతగా లేదు. హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వ సంస్థ స్థాపింపబడెను. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లునకు చెందిన డాక్టరు అయ్యగారి సాంబశివరావు దానికి ఆద్యుడు. ట్రాంబేలోని అణుశక్తి శాస్త్రజ్ఞుల కృషి ఫలితమైన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో వెలువడెను. హైదరాబాదు సంస్థ దానిని తయారుచేసి, తరువాత టి.డి.సి.-312, టి.డి.సి.-316 అనువానిని కూడ నిర్మించెను. ఆ యంత్రములలో మెదడనునది ఒక్క పలక కాదు. అనేకములైన చిన్న భాగములను పలకలపై అతికించి దానిని కట్టవలసి యుండెను. తన ఇంటి దూదిని తానే వడకుకొను నేతగానివలె కంప్యూటరు చేయువాడే దాని మెదడును కూడ చేసికొనుచుండెను.

1971లో అమెరికాలోని ఇంటెల్ సంస్థ మెదడు నంతటిని ఒక్క పలకపై ఇమిడ్చి అమ్మకమునకు పెట్టెను. దానికి మైక్రోప్రోసెసరని పేరు. అప్పటినుండి కంప్యూటరు చేయువాడు మెదడును అంగడిలో కొనుక్కొను సౌకర్యము కలిగెను. హైదరాబాదు సంస్థయు 1978లో మైక్రోప్రోసెసరుతో పనిచేయు మైక్రో-78 అను యంత్రమును వెలువరించెను. దీనివలన పని సులభమయ్యెను, ఖర్చు తగ్గెను. కాని దానితోపాటు క్రొత్త బంధమొకటి ఏర్పడెను. కంప్యూటరు చేయువాని భవిష్యత్తు ప్రోసెసరు అమ్మువాని చేతిలోనికి పోయెను.

ఆ బంధము ఎట్లు తెగునో, మరల ఎట్లు ముడిపడునో తెలిసికొనుటకు హైదరాబాదులోనే మంచి ఉదాహరణము కలదు. రక్షణ పరిశోధన సంస్థకు చెందిన అనురాగ్ అను ప్రయోగశాల ఆ నగరమున నుండెను. 1988 ఆగస్టులో అచటి శాస్త్రజ్ఞులు పేస్ అను కంప్యూటరు నిర్మాణమునకు పూనుకొనిరి. విమానపు రెక్కచుట్టు గాలి ఎట్లు ప్రవహించునో లెక్కగట్టుట దాని ముఖ్యోద్దేశము. ఈ లెక్క అతి దీర్ఘమైనది. రెక్కచుట్టుగల చోటును వేలకొలది చిన్న గళ్లుగా భావించి, ప్రతి గడిలోను గాలి వేగమును, ఒత్తిడిని మాటిమాటికి గణింపవలెను. ఒక్క ప్రోసెసరు దానిని త్వరగా ముగింపజాలదు. కావున అనేక ప్రోసెసర్లకు పనిని పంచి, ఒకదానితో నొకటి సందేశములు ఇచ్చిపుచ్చుకొనునట్లు ఏర్పాటు చేసిరి. వరినాట్ల కాలమున పొలమును భాగములుగా పంచుకొని కూలీలు ఏకకాలమున నాటుట వంటిది ఈ పద్ధతి.

పేస్ మొదటి నమూనాలలో అమెరికాలోని మోటరోలా సంస్థ చేసిన 68020 అను ప్రోసెసరును వాడిరి. దాని వేగము 16.67 మెగాహెర్ట్‌జులు, అనగా అది సెకనునకు కోటి అరువది యారు లక్షలకు మించి తాళము వేయును. తరువాతి నమూనాలో అదే కుటుంబమునకు చెందిన 68030ని తీసికొనిరి. దాని వేగము 25 మెగాహెర్ట్‌జులు. పేస్ ప్లస్ అను తరువాతి యంత్రమునకు వచ్చుసరికి కుటుంబమే మారెను. అందులో 66 మెగాహెర్ట్‌జుల హైపర్ స్పార్క్ ప్రోసెసర్లు చేరెను. దశాంశ సంఖ్యల లెక్కలను వేగముగా చేయుటకై అనుకో అను ప్రత్యేకమైన ప్రోసెసరును అనురాగ్ వారు తామే రూపొందించుకొనిరి.

ఒకే కుటుంబములోని తమ్ముని తెచ్చికొనుట సులభము. 68020 భాష 68030కి తెలియును. వేరు కుటుంబమునకు పోవుటయే సాహసము. అయినను ఆ కాలమున అనేకులు ఆ సాహసము చేసిరి. మోటరోలా 68000 కుటుంబము ఒకప్పుడు ప్రపంచమున మిక్కిలి పేరుపొందినది. కాని తక్కువ ఆజ్ఞలతో, ఒక్కొక్క ఆజ్ఞను అతి శీఘ్రముగా ముగించు క్రొత్త తరహా ప్రోసెసర్లు 1980 తరువాతి దశకమున బయలుదేరెను. వానిలో స్పార్క్ ఒకటి. దానిని రూపొందించిన సన్ సంస్థ కూడ మొదట మోటరోలా ప్రోసెసర్లనే వాడుచుండి, 1987లో స్పార్క్‌నకు మారెను. తుదకు మోటరోలాయే పవర్‌పీసీ అను క్రొత్త కుటుంబమువైపు మరలగా, 68000 వంశము 1994లో వచ్చిన 68060తో ఆగిపోయెను. బావిలో నీరు ఇంకిపోవుచున్నపుడు పాత అలవాటుకొలది అచటనే బిందె దింపుట వివేకము కాదు.

స్పార్క్‌లో మరియొక సౌకర్యము కలదు. ఆ భాష ననుసరించు ప్రోసెసర్లను ఒక్కరు కాక పలువురు తయారుచేయుచుండిరి. పేస్ ప్లస్‌లోని హైపర్ స్పార్క్ రాస్ అను వేరొక సంస్థ తయారుచేసినది. భాష ఒకటి, విక్రేతలు పలువురు అయినపుడు కొనువానికి బలము పెరుగును.

అదే కాలమున పుణేలో పరమ్ కంప్యూటర్లకు కలిగిన అనుభవమును దీనికి తోడుగా చెప్పవచ్చును. అత్యంత శక్తిమంతములైన క్రే కంప్యూటర్లను భారతదేశమునకు అమ్ముటకు 1980 తరువాతి దశకమున అమెరికా ప్రభుత్వము కఠినమైన నిబంధనలు విధించెను. అందుచేత స్వదేశమునందే అట్టి యంత్రమును నిర్మింపదలచి 1988లో సి-డాక్ అను సంస్థను స్థాపించిరి. డాక్టరు విజయ్ భట్కర్ నాయకత్వమున 1991లో పరమ్ 8000 వెలువడెను. అందులోని ప్రోసెసరు బ్రిటనులోని ఇన్మాస్ సంస్థ చేసిన ట్రాన్స్‌ప్యూటరు. ఇతర ప్రోసెసర్లతో మాటలాడుటకు తగిన మార్గములు దానిలోనే ఉండుటచేత పనిని పంచుకొను యంత్రమునకు అది చక్కగా కుదిరెను. కాని ఇన్మాస్ ప్రకటించిన తరువాతి ట్రాన్స్‌ప్యూటరు చెప్పిన సమయమునకు రాలేదు. వచ్చినపుడు అనుకొన్న వేగము నందుకొనలేదు. ఇంతలో ఇతరుల ప్రోసెసర్లు ముందునకు సాగిపోయెను. సి-డాక్ వారు 1992లో పరమ్ 8600లో ఇంటెల్ వారి ఐ-860ను చేర్చిరి. 1994లో వచ్చిన పరమ్ 9000లో స్పార్క్ ప్రోసెసర్లు వాడిరి. అంతటితో ఆగక, ఒక ప్రోసెసరును తీసి మరొకదానిని పెట్టుటకు వీలగునట్లు ఆ యంత్రపు చట్రమును రూపొందించిరి. రెండుసార్లు మార్పు కష్టమును చవిచూచినవారు మూడవసారి మార్పు వచ్చునని ముందుగనే గ్రహించి సిద్ధపడిరి.

అమ్మువానిని మార్చుటకు వేగ మొక్కటే కారణము కాదు. వేడి మరియొక కారణము. అమెరికాలోని ఆపిల్ సంస్థ చరిత్ర దీనికి నిదర్శనము. ఆ సంస్థ 1984లో మాకింటోష్ అను కంప్యూటరును మోటరోలా 68000తో వెలువరించెను. 1994లో పవర్‌పీసీకి మారెను. 2003లో ఐ.బి.ఎం. చేసిన జి5 అను ప్రోసెసరును గైకొని, ఏడాదిలోపల 3 గిగాహెర్ట్‌జుల వేగమును, అనగా సెకనునకు 300 కోట్ల తాళములను అందింతుమని సంస్థాధిపతి స్టీవ్ జాబ్స్ కొనుగోలుదారులకు మాట ఇచ్చెను. ఏడాది గడచెను, రెండేండ్లు గడచెను. ఆ ప్రోసెసరు రాలేదు. అంతేకాక జి5 మిక్కిలి వేడెక్కునది. బల్లపై నుండు పెద్ద కంప్యూటరులో పంకాలు పెట్టి చల్లార్చవచ్చును. చంకలో పెట్టుకొని పోవు పలుచని కంప్యూటరులో అట్టి అవకాశము లేదు. బ్యాటరీయు త్వరగా తరిగిపోవును. ఆ కాలమున ప్రజలు కొనుచున్నవి ఆ పలుచని కంప్యూటర్లే. ఐ.బి.ఎం. దృష్టి పెద్ద సర్వర్లమీదను, ఆటల యంత్రములకు కావలసిన ప్రోసెసర్లమీదను ఉండెను. ఆపిల్ కొను ప్రోసెసర్ల సంఖ్య వారికి చిన్నదిగా తోచెను. దుకాణదారునకు పెద్ద బేరములు వచ్చుచున్నపుడు చిన్న ఖాతాదారు వేచియుండవలసి వచ్చుట లోకసహజము.

2005 జూన్ 6వ తేదీన తాము ఇంటెల్ ప్రోసెసర్లకు మారుచున్నామని ఆపిల్ ప్రకటించెను. ఎంత విద్యుత్తునకు ఎంత పని జరుగునను లెక్కయే తమ నిర్ణయమునకు మూలమని చెప్పెను. 2006 జనవరిలో మొదటి యంత్రములు వెలువడగా, ఆ ఏడు ఆగస్టునాటికే మార్పు పూర్తి యయ్యెను. ఇంత త్వరగా ఎట్లు జరిగెనను ప్రశ్నకు సమాధానమును ఆనాడే వెల్లడించిరి. అయిదేండ్లుగా ఆ సంస్థ తన ముఖ్యమైన ప్రోగ్రామును రహస్యముగా ఇంటెల్ ప్రోసెసర్లపైన కూడ నడుపుచు వచ్చెను. ఎప్పుడో అవసరము పడవచ్చునని రెండవ దారిని ఊడ్చి శుభ్రముగా ఉంచుకొనెను.

మరి కొనుగోలుదారుల వద్దనున్న పాత ప్రోగ్రాముల గతి యేమి? వానికొరకు రోసెట్టా అను అనువాదకుని సమకూర్చిరి. అదియు ఒక ప్రోగ్రామే. పవర్‌పీసీ భాషలోని ఆజ్ఞను చదివి, దానిని ఇంటెల్ భాషలోనికి అప్పటికప్పుడు మార్చి ప్రోసెసరునకు అందించుట దాని పని. దుబాసి నడుమ నుండగా సంభాషణ కొంత నెమ్మదించునుగదా. పాత ప్రోగ్రాములును అట్లే కొంత నెమ్మదిగా నడచెను. కాని ఆగిపోలేదు. మూలప్రోగ్రామును క్రొత్త భాషలోనికి మరల కూర్చుకొన్నవారికి పూర్తి వేగము లభించెను. కొన్నేండ్లకు ఆపిల్ ఆ దుబాసిని తొలగించెను. అప్పటికిని మారని పాత ప్రోగ్రాములు క్రొత్త యంత్రములపై మూగవోయెను. మార్పు ఖర్చులో కొంత భాగమును కొనుగోలుదారుడు కూడ మోయునని దీనివలన తెలియుచున్నది.

చరిత్ర అంతటితో ఆగలేదు. ఇంటెల్ కూడ కొన్ని ఏండ్లకు తాను చెప్పిన గడువులను తప్పసాగెను. ఆపిల్ అప్పటికే తన టెలిఫోనుల కొరకు ప్రోసెసర్లను స్వయముగా రూపొందించుకొనుచుండెను. 2020 జూన్ 22వ తేదీన కంప్యూటర్లకును అట్టివానినే వాడుదుమని ప్రకటించి, ఆ ఏడు నవంబరులో ఎం1 అనుదానిని వెలువరించెను. దానిపై 1600 కోట్ల ట్రాన్సిస్టర్లు కలవు.

ధరయు, భద్రతయు మరికొన్ని కారణములు. ఐ.బి.ఎం. సంస్థ 1981లో తన పర్సనల్ కంప్యూటరునకు ఇంటెల్ వారి 8088 ప్రోసెసరును ఎన్నుకొనెను. ఒక్క కర్మాగారమునే నమ్ముకొన్నచో, అది మూతపడినను, ధర పెంచినను తనకు గతి లేదని తలచి, అదే భాష తెలిసిన ప్రోసెసర్లను తయారుచేయు రెండవ సంస్థ ఉండవలెనని కోరెను. ఆ కోరిక ఫలితముగా 1982లో ఇంటెల్‌నకు, ఎ.ఎం.డి. అను సంస్థకు ఒప్పందము కుదిరెను. డెల్ సంస్థ చాలకాలము ఇంటెల్ ప్రోసెసర్లనే వాడి, 2006లో ఎ.ఎం.డి. వానిని కూడ కొనుటకు ఆరంభించెను. ఈ రెండు సంస్థల ప్రోసెసర్లకు భాష ఒకటియే కనుక ప్రోగ్రాములను మార్చవలసిన పని లేకపోయెను. జమ్మికుంట యార్డులో ఒక్కడే కొనువాడున్న దినమున రైతుకు దక్కు ధర వేరు, నలుగురు కొనువారున్న దినమున దక్కు ధర వేరు. అమ్మువాడు ఒక్కడే అయినపుడు కొనువానికి పట్టు గతియు అట్టిదే.

పై ఉదాహరణములన్నియు కలిపి చూచినచో ఒక విషయము స్పష్టమగును. మంచి ప్రోసెసరును ఎన్నుకొనుట ఎంత అవసరమో, దానిని విడిచిపెట్టగల స్థితిలో నుండుట అంత అవసరము. అందులకు తయారీదారులు కొన్ని జాగ్రత్తలు తీసికొందురు. ప్రోగ్రాములను ప్రోసెసరు స్వంత భాషలో కాక, అన్ని భాషలలోనికి మార్చుటకు వీలైన సామాన్య భాషలో వ్రాయింతురు. ఆ సామాన్య భాషనుండి ఒక్కొక్క ప్రోసెసరు భాషకు మార్చు పనిని కంపైలరు అను మరొక ప్రోగ్రాము చేయును. అన్నిటికంటె ముఖ్యముగా, అవసరము రాకముందే రెండవ ప్రోసెసరుపై తమ పనిని పరీక్షించి చూచుకొందురు. వీనికి ధనమును, కాలమును వెచ్చింపవలెను. ఆ వ్యయము పైకి వృథాగా కనిపించును. ఆపద వచ్చిన నాడు దాని విలువ తెలియును.

ఈ స్వాతంత్ర్యమును మరింత విస్తృతముగా కలిగించు ప్రయత్నములు కూడ జరుగుచున్నవి. 2010లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో రిస్క్-ఫైవ్ అను ఆజ్ఞాభాషను రూపొందింప నారంభించిరి. ఆ భాష ఏ ఒక్క సంస్థకును సొత్తు కాదు. దాని ననుసరించి ఎవరైనను ప్రోసెసరును తయారుచేసికొనవచ్చును. మద్రాసులోని ఐ.ఐ.టి. వారు శక్తి యను ప్రోసెసర్లను, సి-డాక్ వారు వేగా యను ప్రోసెసర్లను ఆ భాషలో రూపొందించిరి. 2018లో శక్తి ప్రోసెసర్లలో ఒకటి అమెరికాలోని ఇంటెల్ కర్మాగారమున తయారు కాగా, మరొకటి మన చండీగఢ్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలలో తయారయ్యెను.

ఇంతమాత్రమున పరాధీనత పూర్తిగా తొలగెనని తలపరాదు. ప్రోసెసరును రూపొందించుట వేరు, దానిని సిలికానుపై అచ్చుగుద్దు కర్మాగారము కలిగియుండుట వేరు. ఆపిల్ తన ఎం1ను తానే రూపొందించుకొన్నను, దానిని తయారుచేయుటకు తైవాను దేశములోని కర్మాగారమునే ఆశ్రయించెను. ఒక ముడి విప్పినచో దాని వెనుక మరొక ముడి కనిపించును. లోకమున ఏ సంస్థయు, ఏ దేశమును అన్నిటిని తానే చేసికొనజాలదు. ఇతరులపై ఆధారపడుట దోషమును కాదు. ఒక్కరిపైననే ఆధారపడి, వారు తప్పినపుడు నిస్సహాయులమగుటయే ప్రమాదము. అయిదేండ్ల ముందే రెండవ దారిని సిద్ధపరచుకొన్నవాడు ఏడాదిలో మారగలిగెను. సిద్ధపరచుకొననివాడు పాత విక్రేత వాకిట నిలిచి, అతడు చెప్పిన ధరకు, అతడు ఇచ్చినప్పుడే తీసికొనవలసి యుండును.